పాత బండికి వెండి అంచు

గోషెన్, ఇండియానా
సెప్టెంబరు 6, 1998

నడీన్‌కి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకు రాసిందా అనుకుంటున్నావేమో. ఫోనెత్తితే మూడో మాటకే ఇద్దరిలో ఒకరం ఠప్పున పెట్టేస్తాం. కాగితమైతే విసిరికొట్టినా మళ్ళీ ఏరుకుని చదువుతావు. నీ సంగతి నాకు తెలీదా!

కూర్చున్నావా? నేను బండి కొన్నాను. మోటర్‌హోం. 1969ది. పక్కింటి వెండెల్ వాళ్ళ బావమరిది కొట్టంలో, ఎండుగడ్డి మోపుల వెనకాల ఇన్నేళ్ళుగా పడి ఉంది. ఇంజను బాగానే ఉందని వెండెల్ అన్నాడు. పొయ్యి వెలుగుతోంది. పరుపు సంగతి మాత్రం అడక్కు. ఎలుకలు తరతరాలుగా కాపురం చేశాయి.

ఫ్యాక్టరీలో కూర్చుని పాతికేళ్ళు ఇలాంటి బళ్ళకే పరదాలు కుట్టాను కదా. నేను పరదా కుట్టిన ప్రతి బండీ ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చింది. నేనే ఎక్కడికీ వెళ్ళలేదు. అందుకని ఈ చలికాలం నీ దగ్గరికొస్తున్నాను. మంచు పడకముందే బయల్దేరి, మీ ట్రెయిలర్ ఇళ్ళ పార్కులో నీ ట్రెయిలర్ పక్కనే పెట్టుకుంటాను. నీ కొలనులో కాళ్ళు పెట్టుకుని, నీ నారింజలు తింటూ మార్చి దాకా ఉంటాను. మీ ఆయన రాయ్ పోయాక నువ్వు ఒక్కదానివే ఉంటున్నావన్న దిగులు కూడా నాకు తీరుతుంది.

బండి చూడ్డానికి కొంచెం దిగులుగానే ఉంది. పరదాకి అంచు కుట్టినట్టు నడుం చుట్టూ అల్యూమినియం పట్టీ ఉంది. కిటికీలకీ, మూలలకీ, చక్రాల పైన కూడా అదే. అంతా సున్నం కొట్టినట్టు తెల్లగా పొడిబారిపోయింది. పోనీలే, అది నడవడానికి అడ్డం కాదుగా.

నీ అక్క,
ఆర్విల్లా

అపాచీ జంక్షన్, అరిజోనా
సెప్టెంబరు 17

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత భయమేసింది. అరవయ్యారేళ్ళ మనిషివి, ఎలుకల పరుపున్న బండేసుకుని ఇన్ని రాష్ట్రాలు దాటొస్తావా? వెండెల్‌కి బుద్ధుండక్కర్లేదా?

ఇంకో మాట. ఇక్కడ పదేళ్ళు దాటిన బండిని గేటు లోపలికి రానివ్వరు. ఈ మధ్యే పార్కు చేతులు మారింది. కొత్తవాళ్ళు కర్టిస్ అని ఒక మ్యానేజర్ని పెట్టారు. అతను అచ్చం రూళ్ళకర్రలాంటి మనిషి. ఇక్కడ అన్నీ తళతళలాడుతూ ఉండాలంటాడు. సున్నం కొట్టినట్టున్న నీ బండిని చూస్తే గేటు దగ్గరే ఆపేస్తాడు. నీకు తలవంపులు, నాకూ తలవంపులే.

అందుకని ఈ ఏడు వద్దు. నాకేం లోటు లేదు. ఎండ బాగుంది, కొలను బాగుంది, నారింజలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మంచు నీకు కొత్తా ఏమన్నానా? అమ్మ చేసినట్టు కోడి నూడుల్స్ వండుకుని, వెచ్చగా ఇంట్లో పడుకో.

నీ చెల్లెలు,
నడీన్

గోషెన్
సెప్టెంబరు 27

నడీన్,

తలవంపులా! ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే?

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నిన్ను ఎత్తుకు తిరిగిన చేతులివి. నీ పెళ్ళి గౌను కుట్టిన చేతులు. సరే. తళతళలాడాలి, అంతేగా? మీ కర్టిస్ గారు మొహం చూసుకుని గడ్డం గీసుకునేలా చేస్తాను. పదేళ్ళ రూలు సంగతి అతను నా ఎదురుగా నిలబడి చెప్పాలి, అప్పుడు చూద్దాం.

పని మొదలుపెట్టేశాను. తెలివి తక్కువగానే మొదలుపెట్టాను, దాచడమెందుకు. గిన్నెలు తోమే స్టీలు పీచుతో తలుపు పక్క పట్టీ రుద్దాను. మొదటి పూట మెరిసింది. వాన పడి రెండ్రోజులయ్యేసరికి ఒళ్ళంతా తుప్పు చుక్కలు లేచాయి, పొంగు పోసినట్టు. వెండెల్ కంచె మీద మోచేతులు పెట్టి చూసి, "అల్యూమినియం మీద ఇనుము పెట్టి రుద్దుతారా ఎవరన్నా? ఆ పీచు రజను లోపలికెళ్ళి తుప్పు పట్టిందమ్మా," అన్నాడు. "మొన్న రుద్దుతున్నప్పుడు చూస్తూనే ఉన్నావుగా, అప్పుడు నోరు లేవలేదేం?" అన్నాను. "నువ్వు చెబితే వినే మనిషివైతే అప్పుడే చెప్పేవాణ్ణి," అన్నాడు. ఆ మాట నిజమేలే.

ఇంతకీ అసలు సంగతేమిటంటే, ఆ లోహం మీద గాజుపొరలాంటి పూత ఒకటి ఉంటుంది. పాతబడి పాలిపోయింది అదే. ముందు అది ఊడి రావాలి, లేకపోతే ఏడాది రుద్దినా మెరవదు. ఇప్పుడు పట్టీలన్నీ బండి నుంచి విప్పి, ఏది ఎక్కడిదో వెనకాల రాసి, వరండాలో పేర్చాను. పోస్టు తెచ్చే అమ్మాయి వాటిని దాటలేక ఉత్తరాలు కిటికీలోంచి ఇస్తోంది.

ఆర్విల్లా

అపాచీ జంక్షన్
అక్టోబరు 9

అక్కా,

కోపం వచ్చిందని తెలుస్తోంది. "నీ అక్క" అని కూడా రాయలేదు. నేనన్నది నీ మంచికే. నువ్వు నమ్మకపోతే నేనేం చెయ్యను.

ఇక్కడ ఇంకా ఎండలు మండుతున్నాయి. ఎదురు ట్రెయిలర్‌లో హెస్టర్ అని ఐయోవా ఆవిడ ఉంటుంది. ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మరీ పేకాటలో నన్ను మోసం చేస్తుంది. ఆవిడతోనే నా కాలక్షేపం.

అన్నట్టు, ఆ గాజుపొర ఊడడానికి ఏం వాడావు? ఎంతసేపు ఉంచాలి? సాండ్ పేపర్‌తో పొడిగా రుద్దాలా, తడిపి రుద్దాలా? రుద్దుతుంటే గుడ్డ నల్లగా అయిపోతే అది పాడైపోతున్నట్టా, బాగవుతున్నట్టా? ఊరికే అడుగుతున్నాను.

నడీన్

గోషెన్
అక్టోబరు 18

నడీన్,

పరీక్ష పెడుతున్నావా? నేను సరిగ్గా చేస్తున్నానో లేదో మీ కర్టిస్‌కి చెప్పాలా? రాసుకో అయితే.

ఓవెన్ కడిగే నురగ ఉంటుంది చూడు, అది పూసి, పూత మెత్తబడేదాకా ఉంచు. ఎండలో పెట్టకు, చారలు పడతాయి. చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. నేను మొదటిసారి పెట్టుకోలేదు. మోచెయ్యి కాలింది. తర్వాత నీళ్ళతో బాగా కడిగి, సాండ్ పేపర్ తడిపి రుద్దాలి. గరుకుదానితో మొదలుపెట్టి మెత్తదానికి రావాలి. ముందు వాడినదాని గీతలు పూర్తిగా పోయేవరకు తర్వాతదానికి వెళ్ళకూడదు. నీకు ఓపిక తక్కువ కాబట్టి ఆ పని నీవల్ల కాదు. ఆ తర్వాత పాలిష్ కడ్డీ, సబ్బు కడ్డీలా ఉంటుంది, గుడ్డకి పట్టించి రుద్దాలి. గుడ్డ మసిబట్టలా నల్లగా అవుతుంది. అలా అయితేనే పని జరుగుతున్నట్టు. ఆఖర్న ఆ జిడ్డు పోవడానికి మామూలు గోధుమపిండి చల్లి మెత్తని గుడ్డతో తుడవాలి. ఇంట్లో పిండంతా దానికే పోయింది. ఆదివారం బిస్కట్లు చేద్దామంటే డబ్బా ఖాళీ.

కిటికీ చట్రం ఒకటి పూర్తయింది. చూస్తూ అలా నిలబడిపోయాను. ముప్పయ్యేళ్ళ మురికి కింద ఇంత వెలుగు ఎలా దాక్కుంది! అందులో నా మొహం కనబడింది. అమ్మలా తయారయ్యానే నేను.

వెండెల్ తన షెడ్డులో ఉన్న పాలిష్ చక్రం వాడుకోమన్నాడు. కరెంటుది. పెద్ద పట్టీలు దాంతో చేస్తే నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ లోపల అయిపోతాయి. ఫొటోలు పంపుతున్నాను. మీ పెద్దమనుషులందరికీ చూపించు.

ఆర్విల్లా

అపాచీ జంక్షన్
అక్టోబరు 28

అక్కా,

ఫొటోలు అందాయి. చాలా బాగుంది, నిజంగా. హెస్టర్ భూతద్దం పెట్టి చూసింది. కర్టిస్‌కి చూపించలేదు. చూపించి లాభం లేదు.

నాకో సాయం చెయ్యి. ఆ పాలిష్ కడ్డీ ఇక్కడ కొట్లో దొరకడం లేదు. రెండు మూడు పంపించు. నేను డబ్బు పంపిస్తాను. ఎందుకని మాత్రం అడక్కు.

ఇంకొక్కసారి బతిమాలుతున్నాను, ఈ ఏడు రావద్దు. వచ్చే ఏడు చూద్దాం. అప్పటికి అన్నీ ఒక కొలిక్కి వస్తాయి.

నీ చెల్లెలు,
నడీన్

గోషెన్
నవంబరు 5

నడీన్,

రాత వంకరగా ఉంటే పట్టించుకోకు. తొందరలో రాస్తున్నాను.

కడ్డీలు పంపుతున్నాను. డబ్బు పంపావంటే తిప్పి పంపుతాను. మీ కొత్త స్నేహితురాళ్ళు తమ కొత్త బళ్ళు తోముకోవడానికా? తోముకోనీ. పాత బండిలో పాత అక్క దిగితే నీకు సిగ్గు. ఆ మాట రాయడానికి ఇన్ని ఉత్తరాలు తిప్పావు.

నీ పార్కుకి రాను. కానీ అరిజోనా నీ ఒక్కదానిదీ కాదు. ఎడారి బోలెడంత ఉంది. ఎక్కడో ఒకచోట దిగి, నేనే నా పొయ్యి వెలిగించుకుని, నా ఎండ నేను కాచుకుంటాను.

ఆర్విల్లా

అపాచీ జంక్షన్
నవంబరు 14

అక్కా,

నీ రాత నాకు తెలీదా? కుట్టులా సన్నగా, తిన్నగా ఉండే రాత అది. ఈ ఉత్తరం ఎడంచేత్తో రాశావు. వెండెల్‌కి ఫోన్ చేశాను. ముందు నసిగాడు, తర్వాత అంతా చెప్పాడు. చక్రం పొడుగు పట్టీని లాక్కుందట. అది తిరగబడి నీ మణికట్టు మీద కొట్టిందట. ఎముక విరిగింది. షెడ్డుకి తాళం వేశానన్నాడు. "మీ అక్క మర్నాడే కట్టుతో వచ్చి తాళంచెవి అడిగింది. ఇవ్వనన్నానని ఎడంచేత్తో వరండాలో రుద్దుకుంటోంది. తిట్లకి నా చెవులు పోతున్నాయి," అన్నాడు. అంత జరిగితే నాకొక్క ముక్క రాయవా?

రాయవులే. నేను మాత్రం రాశానా?

అక్కా, నీ బండిని చూసి సిగ్గుపడలేదు. పదేళ్ళ రూలు ముందు నా మీదే పడింది. నా ట్రెయిలర్ డెబ్భై నాలుగుది. ఏడాది ఆఖరుకి పార్కు ఖాళీ చెయ్యమని సెప్టెంబరులో తలుపుకి కాగితం అంటించారు. నాకే కాదు, ఈ వరసలో అందరికీ. కొత్త మోడళ్ళు తెచ్చి పెట్టి ఎక్కువ అద్దెకిస్తారట. ఈ డొక్కుది లాగితే రోడ్డు మీదే విడిపోతుంది. దీన్నెక్కడికి తీసుకెళ్ళను? రాయ్‌తో నేను ఇక్కడికి వచ్చేస్తున్నప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? "చక్రాల మీద ఇల్లు ఇల్లు కాదే" అన్నావు. ఇన్నేళ్ళూ కొలను, నారింజలు అని నీకు గొప్పలు రాసి, ఇప్పుడు నన్ను గెంటేస్తున్నారని ఎలా రాయను? నువ్వొస్తే ఆ కాగితం చూస్తావని వద్దన్నాను.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఏడ్చాను. రెండోది వచ్చినప్పుడు ఒళ్ళు మండింది. ఇండియానాలో మా అక్క ఒక పాత డొక్కుకి ఇంత పౌరుషం పోస్తుంటే, నేను పెట్టెలు సర్దుకుంటున్నానే అనిపించింది. చేతికందిన గుడ్డతో మొదలుపెట్టేసి, నువ్వు చెప్పాక ఓవెన్ నురగ కొనుక్కొచ్చాను. నా ట్రెయిలర్‌కీ చుట్టూ నీ బండికున్నలాంటి పట్టీయే ఉంది. ఆ ప్రశ్నలన్నీ అందుకే అడిగాను. నువ్వేమో పరీక్షనుకున్నావు. నాకు ఓపిక తక్కువన్నావుగా? తలుపు వైపంతా అయిపోయింది, ఒక్క గీత ఉంటే చూపించు.

మొదట్లో హెస్టర్ వెక్కిరించింది. తర్వాత తన కుర్చీ బయటికి లాక్కుని, గొట్టం సవరించుకుని, తన కిటికీ చట్రం పట్టుకుంది. ఇప్పుడు వరసంతా అదే పని. నీ కడ్డీలు ముక్కలు చేసి పంచాను. కర్టిస్ తన చిన్న బండిలో వచ్చి ఆగాడు.

"ఎంత తోమితే మాత్రం ఏం లాభం నడీన్ గారూ? అది డెబ్భై నాలుగు మోడలే కదా."

"నేను ముప్ఫై ఏడు మోడల్ని నాయనా. నన్ను కూడా తీసేస్తావా?"

హెస్టర్ నవ్వలేక దగ్గింది. అతను మొహం మాడ్చుకుని పోయాడు.

అయినా అతనన్నది నిజమే అక్కా. మెరుపు చూసి వాళ్ళు రూలు మార్చరు. అది తెలిసే తోముతున్నాను. నా ఇంటిని డొక్కు అనడానికి వాళ్ళ నోరు ఆడకూడదు, అంతే.

చెయ్యి జాగ్రత్త.

నీ చెల్లెలు,
నడీన్

గోషెన్
నవంబరు 24

ఒసేయ్ పిచ్చిదానా,

ఏడవకు. నేనూ ఏడవను. కాగితం తడిస్తే ఎడంచేతి రాత అసలు కనబడదు.

చక్రాల మీద ఇల్లు ఇల్లు కాదని అన్నానా? అనే ఉంటాను. ఇప్పుడు చక్రాల మీద ఇల్లు కొన్న మనిషి మాటలు విను.

డిసెంబరు రెండో వారంలో కట్టు విప్పుతారు. పొడుగు పట్టీ ఒక్కటే మిగిలింది, చక్రం మెలిపెట్టింది అదే. చెక్క దిమ్మ మీద పెట్టి, రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టి సరిచేశాను. చిన్న సొట్ట మిగిలింది, ఉండనీ. మిగతావన్నీ స్టెయిన్‌లెస్ మరలతో బిగించాం. వెండెల్ బిగించాడు, నేను తిట్టాను. ఫ్యాక్టరీలో బయల్దేరిన రోజున కూడా ఈ బండి ఇంతలా మెరిసి ఉండదంటాడు. మెరిసే ఉంటుంది. కాకపోతే అప్పుడు దాన్ని ఎవరూ ఇంతసేపు చూసి ఉండరు.

నీ సామాను సర్దుకో. పింగాణీ సామాన్లు దుప్పట్లో చుట్టు. రాయ్ ఫొటో నీ పక్కన పెట్టుకో. నేనొచ్చి నిన్ను ఎక్కించుకుంటాను. ఆ కర్టిస్ తలుపుకి అంటించిన కాగితం వాడి మొహానే కొట్టి ఇద్దరం వచ్చేద్దాం. నా ఇంట్లో నీ గది అలాగే ఉంది. దారిలో టుకుంకారి అని ఒక ఊరు తగులుతుంది, అక్కడి పోస్టాఫీసుకి రాయి, అక్కడ ఆగి తీసుకుంటాను.

నీ అక్క,
ఆర్విల్లా

అపాచీ జంక్షన్
డిసెంబరు 12

ఆర్విల్లా అక్కకి,
టుకుంకారి పోస్టాఫీసు, వచ్చి తీసుకునేదాకా ఉంచవలెను

అక్కా,

సర్దుకోలేదు. సర్దుకోను.

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. నువ్వొస్తావు, చెయ్యి పట్టుకుని ఎక్కించుకుంటావు, నేను చిన్నప్పట్లా నీ గౌను కొస పట్టుకుని నడుస్తాను. ఆ బొమ్మ నాకు ఎంత హాయిగా కనబడిందో నీకు తెలీదు. రెండ్రోజులు అదే కలగన్నాను. మూడో రోజు పొద్దున హెస్టర్ వచ్చి, "మీ అక్క తీసుకెళ్ళిపోతుందటగా," అంది. తిరిగి వెళ్ళి తన చట్రం తోముకుంటూ కూర్చుంది. ఆవిడకి అక్క లేదు, ఎక్కించుకోవడానికి ఎవరూ రారు.

ఇది నా ఇల్లు. రాయ్ పోయింది ఇక్కడ. ఊళ్ళో ఒక లాయరమ్మ మా వరస తరఫున కోర్టులో కాగితం వేసింది. ఫిబ్రవరిలో వింటారట. అందాకా మమ్మల్ని ఎవరూ కదిలించలేరంది. గెలుస్తామని చెప్పలేదు. గెలవకపోవచ్చనే చెప్పింది. ఓడిపోతే అప్పుడు నీ బండి ఎక్కుతాను, ఒట్టు. కానీ వాళ్ళు కుర్చీతో సహా నన్ను ఎత్తి బయట పెట్టాలి. నేనై లేవను.

నన్ను తీసుకెళ్ళడానికైతే వెనక్కి తిరుగు. నా పక్కన కూర్చోవడానికైతే రా.

నడీన్

పార్కు గేటు దగ్గర
డిసెంబరు 19, పొద్దున

నడీన్,

ఈ ముక్క గేటు దగ్గరున్న కాపలా అతని చేతికిస్తున్నాను. మంచివాడిలా ఉన్నాడు, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. లోపలికి మాత్రం వదలనన్నాడు. అరవై తొమ్మిది మోడలట. కర్టిస్ గారు బయటికొచ్చి, "చాలా అందంగా ఉందమ్మా, వెనక్కి తిప్పండి," అన్నాడు.

టుకుంకారిలో నీ ఉత్తరం చదివి పోస్టాఫీసు మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను. బండి ఎటు తిప్పాలో తేల్చుకోవడానికి కాదు. నా చెల్లెలు ఇంత గట్టిది ఎప్పుడైందా అని. ముందు ఒళ్ళు మండింది. తర్వాత గర్వంగా అనిపించింది. ఆపైన ఆకలేసింది.

కూర్చోవడానికే వచ్చాను. ఎక్కడ పెట్టుకోమంటావో చెప్పు.

అక్క

అదే కాగితం వెనక

అక్కా,

వెనక్కి తిప్పకు! గేటు అవతల రోడ్డు కౌంటీ సర్కారుది, వాళ్ళ అబ్బది కాదు. కాపలా అతనూ అదే అంటున్నాడు. రోడ్డు వారగా, సరిగ్గా కర్టిస్ ఆఫీసు కిటికీకి ఎదురుగా పెట్టు. పొడుగు పట్టీ ఉన్న వైపు ఆఫీసుకేసి తిరిగి ఉండాలి. ఇంకాసేపట్లో ఎండ నేరుగా దాని మీద పడుతుంది. అతను తెరలు దించుకున్నా ఆ వెలుగు ఆగదు.

ఇద్దరికి సరిపడా కాఫీ పెట్టు, కాదు ముగ్గురికి. నేనూ హెస్టరూ కుర్చీలు పట్టుకుని నడిచొస్తున్నాం.